బంతి లేని చేతుల పని

2004 నుంచి 2008 దాకా ఫీనిక్స్ సన్స్ జట్టు ఆడిన బాస్కెట్‌బాల్ గురించి ఎవరు మాట్లాడినా ముందు స్టీవ్ నాష్ పేరు ఎత్తుతారు. న్యాయమే. 2005లోనూ 2006లోనూ వరసగా ఎన్‌బీఏ ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన మనిషి అతను. బంతి అందించడంలో అంతటి నేర్పరులు ఆ ఆట చరిత్రలో కొద్దిమందే. తరవాత కోచ్ మైక్ డాంటోనీ పేరు వస్తుంది, ఆ పరుగు ఆట ఆలోచన ఆయనది కనక. ఆ తరవాత రింగు మీదికి ఉరికే అమారే స్టడమైర్. వీళ్లందరి సంగతీ చెప్పుకున్నాక షాన్ మేరియన్ వంతు వస్తుంది. అతను అనామకుడేమీ కాదు. 2003లో ఒకసారి, 2005 నుంచి 2007 దాకా వరసగా మూడుసార్లు ఆల్ స్టార్ అయ్యాడు. అయినా అతన్ని ఆ జట్టులో ఒక చేయిగా చూశారే గాని, ఆ జట్టు నిలబడ్డ నేలగా ఎవరూ చూడలేదు. నాకు తోచేది వేరు. నాష్ లేకపోతే సన్స్ ఆటకు అంత అందం వచ్చేది కాదు. మేరియన్ లేకపోతే అసలు ఆ పద్ధతిలో ఆడటమే కుదిరేది కాదు.

ఎందుకో తెలియాలంటే అప్పటి బాస్కెట్‌బాల్ ఎలా ఉండేదో చూడాలి. కోర్టులో జట్టుకు ఐదుగురు. అందులో ఇద్దరు పొడగరులు, ఒకరు సెంటర్, ఒకరు పవర్ ఫార్వర్డ్, రింగు దగ్గరే ఉండి తీరాలన్నది అప్పటి కోచ్‌లలో చాలామంది నమ్మకం. గురి తప్పి వెనక్కి వచ్చిన బంతిని పట్టడం, అంటే రీబౌండ్, వాళ్ల పని. లోపలికి చొచ్చుకొచ్చేవాణ్ణి అడ్డుకోవడం కూడా వాళ్ల పనే. ఈ అమరికలో ఒక ఇబ్బంది ఉంది. మన పొడగరులిద్దరు, వాళ్లకు కాపలాగా ఎదుటి జట్టు పొడగరులిద్దరు, మొత్తం నలుగురు రింగు కింద గుమిగూడితే బంతి నడిపించే గార్డు లోపలికి దూరడానికి సందు దొరకదు. డాంటోనీ అందులో ఒక పొడగరిని తీసేసి, దూరంనుంచి వేయగలిగినవాణ్ణి, పరుగెత్తగలిగినవాణ్ణి పెట్టాడు. దాంతో దారి తెరుచుకుంది. ఈ ఆలోచన ఆయనకే మొదట తట్టిందని కాదు, డాన్ నెల్సన్ అంతకు చాలాకాలం ముందే ఇలాంటి ప్రయోగాలు చేశాడు. చిక్కు కోర్టు రెండో కొసలో ఉంది. పొడగరిని తీసేస్తే రీబౌండ్లు ఎవరు పడతారు? టిమ్ డంకన్ లాంటి పవర్ ఫార్వర్డుకు ఎవరు ఎదురు నిలుస్తారు? ఫాస్ట్ బ్రేక్, అంటే ఎదుటివాళ్లు సర్దుకోకముందే పరుగున చేసే దాడి, అందరికీ కనిపించేది గార్డు చేతిలో, కాని అది పుట్టేది రీబౌండ్ పట్టినవాడి చేతిలో. బంతి మన చేతికి రాకపోతే ఎంత వేగమున్నా ఎందుకూ పనికిరాదు.

ఆ చిక్కుకు డాంటోనీ దగ్గర ఉన్న విరుగుడు మేరియన్. ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు. ఆ ఎత్తుకు, ఆ సన్నని ఒంటికి అప్పటి లెక్క ప్రకారం స్మాల్ ఫార్వర్డ్ చోటు సరిపోతుంది, సన్స్‌లో మొదటి ఏళ్లలో అతను ఎక్కువగా ఆడిందీ అక్కడే. 2004-05లో అతన్ని పవర్ ఫార్వర్డ్ చేశారు. తనకన్నా రెండు మూడు అంగుళాలు పొడుగు, పాతిక ముప్పై పౌండ్లు బరువు ఉన్నవాళ్లతో రోజూ ఒరుసుకుంటూ ఆ ఏడాది ఆటకు సగటున 11.3 రీబౌండ్లు పట్టాడు. పట్టి ఊరుకోలేదు. మామూలుగా రీబౌండ్ పట్టే పొడగరి బంతిని గార్డుకిచ్చి వెనక మెల్లగా వస్తాడు. మేరియన్ బంతిని నాష్‌కిచ్చి, నాష్‌కంటే ముందు అవతలి రింగు దగ్గర ఉండేవాడు. ఒకే మనిషి ఆ దాడిని మొదలుపెట్టి, ముప్పావు కోర్టు పరుగెత్తి, తనే ముగించేవాడు. మధ్యలో నాష్ చేసిన ఆ ఒక్క అద్భుతమైన పాసే మనకు గుర్తుంటుంది. దాన్ని తక్కువ చేయడం లేదు. కాని ఆ పాస్‌కు ముందూ వెనకా ఉన్న మనిషి ఒక్కడే అన్న సంగతి మన జ్ఞాపకంలోంచి జారిపోయింది.

అంతకు ముందు ఏడాది సన్స్ 29 ఆటలే గెలిచారు, నాష్ వచ్చిన 2004-05లో 62 గెలిచారు. ముప్పై మూడు విజయాల తేడా. ఇంతకంటే నాష్‌కు రుజువు ఇంకేం కావాలని అంటారు, ఆ మాట బలమైనదే. దాని పక్కనే 2005-06ను కూడా పెట్టి చూడాలి. ఆ ఏడాది స్టడమైర్ మోకాలి శస్త్రచికిత్స వల్ల మూడంటే మూడు ఆటలు ఆడాడు. జో జాన్సన్ అట్లాంటాకు వెళ్లిపోయాడు. సన్స్‌లో మిగిలిన పేరున్న ఆటగాళ్లు నాష్, మేరియన్. జట్టులో ఎత్తు ఇంకా తగ్గింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన బోరిస్ డియావ్, అంతకుముందు అట్లాంటాలో గార్డుగా కూడా ఆడినవాడు, సెంటర్ స్థానంలో నిలబడ్డాడు. అలాంటి జట్టు 54 ఆటలు గెలిచింది, ప్లేఆఫ్స్‌లో మూడో అంచె దాకా వెళ్లింది. ఆ ఏడాది మేరియన్ ఆడిన ఆటలు 81. సగటున 21.8 పాయింట్లు, 11.8 రీబౌండ్లు, 2 స్టీల్స్, 1.7 బ్లాకులు. నాష్‌కు రెండో పురస్కారం వచ్చింది ఆ ఏడాదే. ఇంత చిన్న జట్టును నాష్ ఇంత దూరం ఎలా లాక్కొచ్చాడా అని అందరూ ఆశ్చర్యపోయారు. ఆ చిన్న జట్టు రింగు కింద చితికిపోకుండా ఎలా నిలిచిందన్న ప్రశ్న మాత్రం పెద్దగా ఎవరూ వేయలేదు. జాక్ మకాలమ్ ఆ సీజన్ అంతా జట్టు వెంట ఉండి రాసిన పుస్తకం పేరు కూడా వేగం గురించినదే, ఏడు సెకన్లలోపు బంతి వేసేయడం గురించినది. ఆ ఏడు సెకన్లు మొదలవడానికి ముందు ఎవరో బంతిని గెలిచి తేవాలి.

మేరియన్ పని మనకు ఎందుకు ఆనలేదో ఆలోచిస్తే, తప్పు కొంత మన కళ్లది, కొంత లెక్కల పుస్తకానిది. క్రికెట్‌లో ఒక బౌలర్ ఓవర్ మొత్తం పరుగు ఇవ్వకుండా కట్టేస్తే మెయిడెన్ అని స్కోరుకార్డులో దానికో గడి ఉంది. వికెట్ పడకపోయినా ఆ ఆరు బంతులూ అతని ఖాతాలో చేరతాయి. బాస్కెట్‌బాల్ ఖాతాలో అలాంటి గడి లేదు. ఎదుటివాడు తనకు ఇష్టమైన చోట బంతి అందుకోకుండా చేస్తే ఏ గడిలో రాస్తారు? అందుకున్నాక వేయకుండా, విసుగెత్తి ఇంకొకరికి ఇచ్చేలా చేస్తే? మేరియన్ స్టీల్స్, బ్లాకులు లెక్కల్లోకి ఎక్కాయి, అవి తక్కువేమీ కాదు. అతని పనిలో పెద్ద భాగం మాత్రం లెక్కలోకి ఎక్కనిది. ఒకే ఆటలో కాసేపు టోనీ పార్కర్ లాంటి మెరుపు గార్డు వెంట, కాసేపు డంకన్ లాంటి పర్వతం ముందు నిలబడిన మనిషి అతను. ఇవాళ ఏ స్థానంవాణ్ణయినా కాయగల ఆటగాడి కోసం జట్లు కోట్ల డాలర్లు పోస్తున్నాయి. అప్పుడు ఆ గుణానికి సరైన ధర ఉండేది కాదు. పైగా, నాకు అన్నిటికంటే ముచ్చటైన లెక్క ఇది, ఆ 2005-06లో అన్ని పాయింట్లు వేసి కూడా అతను ఆటకు సుమారు ఒకటిన్నర సార్లు మాత్రమే బంతి పోగొట్టుకున్నాడు. అంటే జట్టు దగ్గర అతను తీసుకున్నది చాలా తక్కువ. అతని కోసమని గీసిన ఎత్తుగడలు దాదాపు ఉండేవి కావు. విరిగిన ఆటలోంచి, తప్పిన బంతిలోంచి, ఎదుటివాళ్లు వెనుతిరగడంలో చేసిన ఆలస్యంలోంచి ఇరవై పాయింట్లు ఏరుకునేవాడు.

దీనికి మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. నాష్ పక్కన ఎవరు ఆడినా ఇరవై పాయింట్లు వేస్తారు, మేరియన్‌ను తయారుచేసింది నాష్ అంటారు. దీన్ని లెక్కలతో తేల్చవచ్చు. నాష్ రాకముందు, 2000-01లో, రెండో ఏట, మేరియన్ 17.3 పాయింట్లు, 10.7 రీబౌండ్లు సాధించాడు. సరే, అప్పుడు పక్కన జేసన్ కిడ్ ఉన్నాడు, అతనూ గొప్పగా బంతి అందించేవాడే అనుకుందాం. 2001లో కిడ్ వెళ్లిపోయి స్టెఫాన్ మార్బరీ వచ్చాడు. మార్బరీ ముందు తన పాయింట్లు చూసుకునే గార్డు అని పేరు. ఆ రోజుల్లో మేరియన్ 2001-02లో 19.1, 2002-03లో 21.2 వేశాడు. 2003-04లో మార్బరీ మధ్యలో న్యూయార్క్‌కు వెళ్లిపోయి, జట్టు చిందరవందరై, 53 ఆటలు ఓడిన ఏడాది కూడా 19 పాయింట్లు, 9.3 రీబౌండ్లు. నాష్ వచ్చిన మొదటి ఏడాది 19.4. మరి నాష్ ఏం చేసినట్టు? గురి పెంచాడు. 2003-04లో 44 శాతం ఉన్న మేరియన్ గురి రెండేళ్లలో 52.5 శాతానికి చేరింది. అది నాష్ చలవే, ఆ మేరకు అప్పు ఒప్పుకోవలసిందే. కాని అదే లెక్క ఇంకో సంగతీ చెబుతోంది. కిడ్, మార్బరీ, నాష్, ముగ్గురు మూడు రకాల గార్డులు. వాళ్లు మారినా మేరియన్ ఇచ్చింది మారలేదు.

రెండో అభ్యంతరం వేగం గురించి. సన్స్ అందరికంటే త్వరగా ఆడేవాళ్లు, ఆటలో ఎక్కువసార్లు బంతి చేతులు మారేది, అందుకని అందరి అంకెలూ ఉబ్బాయి అంటారు. కొంత నిజం. రీబౌండ్లలో ఆ వాపు కొంత ఉంటుంది. అయితే అదే వేగం మేరియన్‌కు ఇంకోవైపు అన్యాయం చేసింది, దాన్ని ఎవరూ తిరగేసి చూడరు. ఎక్కువసార్లు బంతి చేతులు మారితే ఎదుటి జట్టుకూ ఎక్కువ పాయింట్లు వస్తాయి. సన్స్ ఆటకు ఇచ్చిన పాయింట్ల అంకె చూసి వాళ్లకు డిఫెన్స్ చేతకాదని లోకం తీర్మానించింది. ఒక్కో దాడికి ఎన్ని పాయింట్లు ఇచ్చారని లెక్కేస్తే ఆ ఏళ్లలో సన్స్ లీగ్‌లో మధ్యరకం. నాష్ డిఫెన్స్‌లో బలహీనుడు, స్టడమైర్ మనసు దాడి మీద. అలాంటి ఇద్దరిని పెట్టుకుని, మామూలుకంటే పొట్టి జట్టుతో మధ్యరకంగా నిలవడం ఎవరి వల్ల? ఒక్క మేరియన్ వల్లే అనను. 2005లో వచ్చిన రాజా బెల్ కూడా గట్టివాడు. బెల్‌ను 2007లో లీగ్ ఉత్తమ డిఫెన్స్ జట్టులోకి ఎంచుకున్నారు, మరుసటి ఏడాది రెండో జట్టులోకి తీసుకున్నారు. తగినవాడే. మేరియన్‌ను మాత్రం పదహారేళ్ల ఆటలో ఒక్కసారి కూడా మొదటి జట్టులోకి గాని రెండో జట్టులోకి గాని తీసుకోలేదు. అప్పట్లో ఫార్వర్డులకు ఉన్నవి రెండు జట్లలో కలిపి నాలుగు చోట్లు. డంకన్, కెవిన్ గార్నెట్, బ్రూస్ బోవెన్ లాంటివాళ్లు పోటీలో ఉన్నారన్నది నిజమే. కాని ఒక స్థానానికి కట్టుబడి ఒకే రకం ఆటగాణ్ణి ప్రతిరోజూ ఆపేవాడికి పేరు రావడం సులువు. రోజుకో స్థానంలో నిలబడేవాణ్ణి ఏ గడిలో పెట్టాలో ఓటు వేసేవాళ్లకు తెలియలేదని నా అనుమానం.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. దాన్ని పక్కదారి పట్టించను. 2005లో పడమటి కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ సన్స్‌ను 4-1తో ఓడించారు. ఆ సిరీస్‌లో బ్రూస్ బోవెన్ కాపలాలో మేరియన్ సగటు ఎనిమిది పాయింట్లు కూడా దాటలేదు. అదే సిరీస్‌లో స్టడమైర్ ఆటకు 37 వేశాడు. పెద్ద వేదిక మీద మేరియన్ మాయమయ్యాడన్న మాట అక్కడే పుట్టింది. అందులో నిజం ఇది: బంతి తనంతట తాను దారి తప్పి తన దగ్గరికి రానప్పుడు, ఎదుటివాణ్ణి నిలబెట్టి వాడి మీంచి సొంతంగా పాయింట్ తయారుచేసుకోవడం మేరియన్‌కు రాదు. డ్రిబ్లింగ్ సాధారణం. పాస్ ఇవ్వడంలో నేర్పరి కాదు, కెరీర్ మొత్తంలో ఆటకు రెండు అసిస్టులు కూడా లేవు. స్పర్స్ లాంటి జట్టు అతని పరుగుదారులు మూసేస్తే అతని ఆటలో సగం ఆగిపోతుంది. అందుకే అతను నాష్‌కంటే గొప్పవాడని గాని, ఒంటిచేత్తో జట్టును గెలిపించేవాడని గాని నేను అనడం లేదు. అయితే ఒక సిరీస్‌తో మనిషిని తూచేవాళ్లు మరుసటి ఏడాది ప్లేఆఫ్స్‌నూ తూకంలో వేయాలి. అప్పుడు సన్స్ ఇరవై ఆటలు ఆడారు, మేరియన్ సగటు ఇరవై పాయింట్లు పైన, పదకొండు రీబౌండ్లు పైన. స్టడమైర్ లేడు, లోపల భారమంతా అతనిదే. లేకర్స్‌తో 3-1తో వెనకబడి కూడా సన్స్ ఆ సిరీస్ గెలిచారు. ఆ ఏడాది అతను మాయమయ్యాడని ఎవరూ అనలేరు.

ఇక్కడ ఒక చిన్న మాట, రుచికి సంబంధించినది. మేరియన్ బంతి వేసే తీరు చూడటానికి వికారం. మోచేయి కిందనుంచి, దాదాపు రొమ్ము ముందునుంచి, తోసినట్టు, విదిలించినట్టు వదిలేవాడు. ఏ కోచింగ్ క్యాంపులోనైనా పిల్లాడు అలా వేస్తే చేయి పట్టుకుని సరిచేస్తారు. ఆ వికారం అతని పేరుకు చాలా చేటు చేసిందని నేను గట్టిగా నమ్ముతాను. అందంగా వేసేవాడు తప్పినా మనం క్షమిస్తాం, వంకరగా వేసేవాడు వేసినా అదృష్టం అనుకుంటాం. కాని అదృష్టం పదహారేళ్లు నిలవదు. ఫ్రీ త్రో లైను దగ్గర, ఎవరూ అడ్డు లేని చోట, అదే వంకర చేత్తో కెరీర్ మొత్తం 81 శాతం వేశాడు. ఆ ఎత్తు ఫార్వర్డుకు అది చాలా మంచి లెక్క. చేయి వంకరే, కాని ప్రతిసారీ ఒకేలా వంకర. గురికి కావలసింది అదే.

2007 వచ్చేసరికి మేరియన్ తనను వేరే జట్టుకు పంపమని బాహాటంగా అడిగాడు. జీతం గురించి, పేరు గురించి మనసు నొచ్చుకున్నాడన్నది అందరికీ తెలిసిపోయింది. చాలామంది అభిమానులకు అతని మీద ఉన్న కాస్త ప్రేమా అక్కడే పోయింది. జట్టు కోసం మారుమాట్లాడకుండా పనిచేసేవాడు పేరు అడగకూడదని మనకో నమ్మకం. దాడిలో బంతి చేతిలో ఉంచుకునేవాడు పేరు కోరుకుంటే ఆత్మవిశ్వాసం అంటాం, బరువు మోసేవాడు కోరుకుంటే అసూయ అంటాం. ఆ తేడా న్యాయం కాదు. అతను అడిగింది తను చేసిన పనికి లెక్క. అడిగిన తీరులో నేర్పు లేకపోయి ఉండవచ్చు, అడగడంలో తప్పు లేదు. 2008 ఫిబ్రవరిలో సన్స్ జనరల్ మేనేజర్ స్టీవ్ కెర్ అతన్ని మయామీకి పంపి, బదులుగా షకీల్ ఓనీల్‌ను తెచ్చాడు. కారణం అర్థమవుతుంది. డంకన్‌ను ఆపాలి, అంతకు కొద్దిరోజుల ముందే లేకర్స్ పావ్ గాసోల్‌ను తెచ్చుకున్నారు, లోపల బరువు కావాలనుకున్నారు. తరవాత ఏమైంది? ఆ ఏడాది మొదటి అంచెలోనే స్పర్స్ చేతిలో 4-1తో ఓడారు. డాంటోనీ న్యూయార్క్ వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది ఓనీల్ తన వయసుకు అద్భుతంగా ఆడాడు, ఆల్ స్టార్ అయ్యాడు, అయినా జట్టు 46 గెలుపులతో ప్లేఆఫ్స్‌కే చేరలేదు. కోచ్ మార్పు, స్టడమైర్ కంటి గాయం కూడా ఇందులో ఉన్నాయి, అవన్నీ మేరియన్ ఖాతాలో వేయడం దొంగలెక్క అవుతుంది. కాని ఓనీల్ బాగా ఆడుతుండగానే సన్స్ పరుగు ఆగిపోయిందన్నది నిజం. రీబౌండ్ పట్టి ముందు పరుగెత్తేవాడి చోట రీబౌండ్ పట్టి వెనక నడిచేవాడు వచ్చాడు. 2010లో నాష్ మేరియన్ లేకుండానే కాన్ఫరెన్స్ ఫైనల్స్ దాకా వెళ్లాడు కదా అని అడగవచ్చు. వెళ్లాడు. అయితే ఆ జట్టు అమరిక వేరు. దూరంనుంచి వేయగల నిజమైన పొడగరి చానింగ్ ఫ్రై, రింగు దగ్గర రాబిన్ లోపెజ్ అప్పటికి ఉన్నారు. మేరియన్ ఒక్కడు మోసిన పనిని ఆ జట్టు ముగ్గురు నలుగురికి పంచింది.

మేరియన్ మయామీ, టొరాంటోల మీదుగా 2009లో డాలస్ చేరాడు. సగటు పన్నెండు పాయింట్లకు దిగింది. నాష్ లేకపోతే ఇంతే అన్నవాళ్లకు ఇది పండగలా కనిపించింది. అప్పటికి వయసు ముప్పై దాటింది, డాలస్ అతన్ని తెచ్చుకున్నదీ పాయింట్ల కోసం కాదు. 2011 జనవరిలో క్యారన్ బట్లర్ మోకాలు దెబ్బతిన్నాక స్మాల్ ఫార్వర్డ్ బరువంతా మేరియన్ మీద పడింది. ఆ ప్లేఆఫ్స్ అతని జీవితంలోకెల్లా గొప్ప పని అని నా అభిప్రాయం, అంకెల్లో అది అంత గొప్పగా కనిపించకపోయినా. ఓక్లహోమా సిటీతో కాన్ఫరెన్స్ ఫైనల్స్‌లో ఎదుట కెవిన్ డురాంట్, ఆ ఏడాదీ అంతకుముందు ఏడాదీ లీగ్‌లో అత్యధిక సగటుతో పాయింట్లు వేసినవాడు. ఆ సిరీస్‌ను ముగించిన అయిదో ఆటలో డురాంట్‌ను కాస్తూనే మేరియన్ 26 పాయింట్లు వేశాడు, జట్టు తార డర్క్ నోవిట్స్కీ వేసినన్ని. తరవాత ఫైనల్స్. ఎదుట లెబ్రాన్ జేమ్స్, డ్వేన్ వేడ్, క్రిస్ బాష్‌ల మయామీ. లెబ్రాన్‌ను కాయడం మొదటి బాధ్యతగా మేరియన్‌కు అప్పగించారు. ఆ ఏడాది సీజన్‌లో ఆటకు 26.7 వేసిన లెబ్రాన్ ఆ ఆరు ఆటల్లో సగటున 17.8 వేశాడు. నాలుగో ఆటలో ఎనిమిదే. డాలస్ 4-2తో మొదటిసారి విజేత అయింది.

దీన్ని చెప్పేటప్పుడు చాలామంది లెబ్రాన్ ఎందుకు కుంగిపోయాడని చెబుతారు. అతని మనసులో ఏముంది, ఒత్తిడా, భయమా అని ఏళ్లకేళ్లు రాశారు. ఒక మహా ఆటగాడు విఫలమైతే కారణం అతని లోపలే ఉండాలని మనకు అనిపిస్తుంది, ఎదుట నిలబడ్డవాడిలో ఉండవచ్చని తోచదు. మేరియన్ ఒక్కడే చేశాడని నేనూ అనను. డిషాన్ స్టీవెన్సన్ వంతులు వేసుకుని కాచాడు, అప్పటికి డాలస్‌లో ఉన్న కిడ్ తన అనుభవంతో సాయపడ్డాడు, వెనక టైసన్ చాండ్లర్ గోడలా ఉన్నాడు, కోచ్ రిక్ కార్లైల్ మధ్యమధ్య మనిషిని కాక చోటును కాసే జోన్ డిఫెన్స్ వేసి లెబ్రాన్‌ను గందరగోళపరిచాడు. కాని ఆ జోన్ అయినా, ఆ వంతులైనా పనిచేయాలంటే లెబ్రాన్ అంతటి బలశాలిని ఇంకొకరి సాయం లేకుండా కనీసం మొదటి అడుగులో ఆపగలవాడు ఒకడుండాలి. అతన్ని ఆపడానికి ప్రతిసారీ ఇద్దర్ని పంపితే వేడ్, బాష్ ఖాళీగా దొరుకుతారు. ముప్పై మూడేళ్ల వయసులో మేరియన్ ఆ ఒకడు అయ్యాడు. అవతలి కొసలో ఆ సిరీస్‌లో ఆటకు దాదాపు పద్నాలుగు పాయింట్లు కూడా వేశాడు, ఎప్పటిలాగే తన కోసం ఎత్తుగడలేమీ లేకుండా. ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి పురస్కారం నోవిట్స్కీది. దానికి వేరే మాట లేదు.

మేరియన్ చివరి సీజన్ 2014-15. క్లీవ్‌లాండ్‌లో, లెబ్రాన్ పక్కన, ఎక్కువగా బెంచి మీద. ఆ ఏడాది ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్‌ను ఓడించింది గోల్డెన్ స్టేట్ వారియర్స్, వాళ్ల కోచ్ స్టీవ్ కెర్. నాలుగో ఆటకు కెర్ తన పొడగరి సెంటర్ ఆండ్రూ బోగట్‌ను పక్కనపెట్టి ఆండ్రే ఇగుడాలాను మొదటి అయిదుగురిలోకి తెచ్చాడు, మేరియన్ ఎత్తు కూడా మించని డ్రేమండ్ గ్రీన్‌ను సెంటర్‌గా నిలబెట్టాడు. అక్కడినుంచి మూడాటలూ గెలిచి టైటిల్ పట్టుకెళ్లాడు. ఏడేళ్ల కిందట పొడగరి కోసం మేరియన్‌ను వదులుకున్నవాడే, పొడగరిని వదులుకుని, మేరియన్ రకం మనిషి చుట్టూ జట్టు కట్టి గెలిచాడు. కెర్‌ను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు, నేర్చుకున్నవాడు గనకే గెలిచాడు. గ్రీన్‌కు తరవాత ఉత్తమ డిఫెండర్ పురస్కారం, డిఫెన్స్ జట్లలో చోట్లు ఎన్నో వచ్చాయి. పాస్ ఇవ్వడంలో గ్రీన్ మేరియన్‌కంటే చాలా పైమెట్టు, ఆ పోలికలో గ్రీన్‌దే మొగ్గు. పాయింట్లలో, రీబౌండ్లలో, పరుగులో మేరియన్‌ది మొగ్గు. కాని గ్రీన్ ఆడే నాటికి అలాంటి ఆటగాణ్ణి ఎలా చూడాలో లోకానికి తెలిసింది. అది తెలియడానికి దారి వేసిన జట్టులో ఆ చోట ఆడినవాడు మేరియన్.

1,163 ఆటల్లో 17,700 పాయింట్లు, 10,101 రీబౌండ్లు, 1,759 స్టీల్స్, 1,233 బ్లాకులు, ఇదీ మేరియన్ మొత్తం. పదిహేడు వేల పాయింట్లు, పదివేల రీబౌండ్లు, పదిహేను వందల స్టీల్స్, వెయ్యి బ్లాకులు అన్న నాలుగు హద్దులూ దాటినవాళ్లలో హకీమ్ ఒలాజువాన్, కార్ల్ మలోన్, కెవిన్ గార్నెట్, లెబ్రాన్ ఉన్నారు. డంకన్ లేడు, స్టీల్స్ చాలవు. ఈ హద్దులు అతనికి అనుకూలంగా గీసినవని అనవచ్చు, అలాంటి లెక్కలన్నీ కొంత అలాగే ఉంటాయి. మేరియన్ ఒలాజువాన్‌కు సాటి అని దీనర్థం కాదు. అతను ఎన్ని రకాల పనులు, ఎంతకాలం, ఎంత ఎక్కువగా చేశాడో మాత్రం అది చూపిస్తుంది. ఫీనిక్స్ 2023 డిసెంబర్‌లో అతని పేరును తన రింగ్ ఆఫ్ ఆనర్‌లో చేర్చింది, ఆలస్యంగానైనా. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ మాత్రం 2025 దాకా అతన్ని చేర్చుకోలేదు. అక్కడ ఓటు వేసేవాళ్లు ఆల్ స్టార్ ఎంపికలు, పురస్కారాలు ఎన్నో లెక్కపెడతారు. ఆ లెక్కలో మేరియన్ అంచున నిలబడతాడు. వాళ్లు ఇంకో ప్రశ్న కూడా వేసుకుంటే బాగుంటుంది: ఈనాటి బాస్కెట్‌బాల్ ఇలా ఉండటానికి ఎవరి ఆట అవసరమైంది? ఆ ప్రశ్నకు నాష్‌ను, డాంటోనీని జవాబుగా చెబుతున్నప్పుడు మేరియన్ పేరు వదిలేయడానికి నాకైతే ఒక్క కారణమూ దొరకలేదు.